పాటను కౌలుకివ్వాలా, పట్టా చేసివ్వాలా?

జగిత్యాల జిల్లా నుంచి ఒక సోదరి ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టొద్దన్నారు కాబట్టి విషయం వరకే ఇక్కడ ఇస్తున్నాను.

ఆమెకు 29 ఏళ్లు. బీఎడ్ చేసి ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెబుతున్నారు. జీతం 13,500 రూపాయలు. భర్త దుబాయిలో భవన నిర్మాణ పనిలో ఉన్నారు. ఏజెంటు ఇక్కడ చెప్పిన జీతం వేరు, అక్కడికెళ్లాక చేతికొచ్చింది వేరు. వీసాకీ ఇంటికీ చేసిన అప్పులో ఇంకా 2 లక్షల 40 వేలు మిగిలి ఉంది. ఇంట్లో అత్తమ్మ, ఆరేళ్ల పాప.

నాలుగేళ్లుగా ఆమె యూట్యూబ్ చానెళ్లకు జానపద పాటలు పాడుతున్నారు. కరీంనగర్ వెళ్లి ఒక ట్రాక్ పాడితే 2,500 ఇస్తారు. నెలకు రెండు దాకా వస్తాయి. ఏడాదికి ఎనిమిది స్టేజి ప్రోగ్రాంలు, ఒక్కోదానికి ఐదు వేలు. సొంతంగా తొమ్మిది పాటలు రాశారు. అందులో ఒకటి రెండేళ్ల కిందట ఒక చానెల్‌కు రాసి, పాడి ఇచ్చారు. పల్లవి వాళ్ల అమ్మమ్మ నాట్లేసేటప్పుడు పాడేదట. మిగతా చరణాలు గుర్తులేవని ఆమె అంటే ఈమే మూడు చరణాలు కట్టారు. చానెల్ యజమాని పదివేలు ఇచ్చి, వంద రూపాయల బాండ్ పేపర్ మీద సంతకం తీసుకున్నారు. ఆ పాట నాలుగు కోట్ల వ్యూస్ దాటింది. డీజే వెర్షన్ వచ్చింది, ఇంకో అమ్మాయి గొంతుతో మరో వెర్షన్ వచ్చింది. వీడియో కింద మాత్రం "సాహిత్యం: సేకరణ" అని, పక్కన యజమాని పేరు.

ఇప్పుడు అదే యజమాని కొత్త బేరం పెట్టారు. ఏడాదికి 12 పాటలు రాసి పాడాలి, మొత్తం లక్షా ఇరవై వేలు. వేరే ఎవరికీ పాడకూడదు. భర్త ఫోన్లో "ఒప్పుకో, సగం అప్పు తీరుతది" అంటున్నారు. అత్తమ్మకు రాత్రి ప్రోగ్రాంలే ఇష్టం లేదు, టీచర్ పనికున్న గౌరవం పాటకు ఎక్కడిదంటారు. తెలిసిన కెమెరామన్ ఒకరు "ఇద్దరం కలిసి చానెల్ పెడదాం" అంటున్నారు. "సంతకం పెట్టాలా? స్కూలు మానాలా? పాత పాట గురించి కొట్లాడాలా? పాటల మీద బతకడం మాలాంటోళ్లకు కుదురుతదా అన్నా?" ఇదీ ఆమె ప్రశ్న.

చెల్లెమ్మా,

మీ ఉత్తరం చదివి ముందు కాగితం, పెన్సిలు తీసుకున్నాను. మీరూ తీసుకోండి. లక్షా ఇరవై వేలంటే పాటకు పదివేలు, రెండేళ్ల కిందటి ధరే. కానీ వేరే ఎవరికీ పాడకూడదన్న షరతు ఉంది కదా. ఇప్పుడు నెలకు రెండు ట్రాకులంటే ఏడాదికి 60 వేలు. సంతకం పెట్టిన రోజే ఆ అరవై వేలు పోతాయి. అంటే ఆయన మీకు కొత్తగా ఇస్తున్నది 60 వేలే, పాటకు ఐదువేలు. ఆ షరతు స్టేజి ప్రోగ్రాంలకూ వర్తిస్తుందంటే ఇంకో 40 వేలు పోతాయి. మిగిలేది 20 వేలు. పన్నెండు పాటలు రాసి, పాడి, ఏడాదంతా ఒకరి గుమ్మం దగ్గర కూర్చున్నందుకు పాటకు పదిహేడు వందలు కూడా రాదు. మీ ట్రాక్ కూలి దానికంటే ఎక్కువ.

లక్ష అనే మాటకు ఒక మత్తుంటుంది, అందులోనూ అప్పున్నవాళ్లకు. మీవారిని తప్పుపట్టను. కానీ ఆ డబ్బు ఒకేసారి ఇస్తారా, పాట రికార్డయ్యాక పదేసి వేలు ఇస్తారా అన్నది మీ ఉత్తరంలో లేదు. పదేసి వేలయితే సగం అప్పు ఒక్కసారి తీరేదేమీ లేదు. ఈ లెక్క మొత్తం ఆయనకు చెప్పండి. చదవకుండా పెట్టిన సంతకం ఎంత ఖరీదో ఆయనకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

ఇక అసలు సంగతి. పాట పాడేవాళ్లకు రెండు రకాల డబ్బు వస్తుంది. మీరు నోరు విప్పిన రోజు వచ్చేది కూలి. ట్రాకు, స్టేజి, పెళ్లి, ఎన్నికల పాట అన్నీ ఈ లెక్కలోవే. మీరు ఇంట్లో నిద్రపోతున్నా పాట ఎక్కడో మోగినందుకు వచ్చేది పంట. ఇన్నాళ్లూ మీరు పంటను కూడా కూలి ధరకే ఇచ్చేస్తున్నారు. మన ఊళ్లో భూమి దున్నలేనివాళ్లు కౌలుకిస్తారు. ఎన్నేళ్లకు, ఎన్ని ఎకరాలు, పంటలో ఎంత అని మాట్లాడుకుంటారు. కౌలుకు అడిగినవాడికి ఎవరూ పట్టా చేసివ్వరు. పాట దగ్గరకొచ్చేసరికి బాండ్ పేపర్ మీద పట్టానే చేసిచ్చేస్తున్నాం.

ఇది మీ ఒక్కరి పొరపాటు కాదు. క్యాసెట్ల కాలంలో నేనూ ఒక కంపెనీకి ఎనిమిది పాటలు రాసిచ్చి 500 రూపాయలు, ఒక డబ్బా క్యాసెట్లు తెచ్చుకున్నాను. ఆ క్యాసెట్లు బస్టాండ్‌లో అమ్మితే ఇంకో మూడువందలు వచ్చాయి. అప్పట్లో అదే గొప్పనుకున్నాను. ఆ పాటలు ఇప్పటికీ జాతరల్లో వినిపిస్తాయి, ఎవరు రాశారో పాడేవాళ్లకు తెలియదు.

అప్పటికీ ఇప్పటికీ ఒక తేడా ఉంది. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించారు. పాట రాసినవాళ్లు, బాణీ కట్టినవాళ్లు హక్కులు ఇంకొకరికి రాసిచ్చినా, ఆ పాట వాడుక మీద వచ్చే రాయల్టీలో సమాన వాటా వాళ్లకుంటుంది. ఆ వాటాను వదులుకుంటున్నామని సంతకం పెట్టినా చెల్లదు. వారసులకో, రాయల్టీ వసూలు చేసే కాపీరైట్ సొసైటీకో తప్ప దాన్ని బదిలీ చేయలేరు. ఇంకా ఉన్నాయి. ఒప్పందంలో ఎన్నేళ్లకో రాయకపోతే ఐదేళ్లే అని అర్థం. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే. హక్కులు తీసుకుని ఏడాదిలోగా వాడుకోకపోతే, వేరేగా రాసుకుని ఉంటే తప్ప, అవి వెనక్కి వస్తాయి.

కాబట్టి పెట్టెలో నుంచి ఆ బాండ్ పేపర్ జిరాక్స్ తీయండి. లేకపోతే ఆయన్నే ఒక కాపీ అడగండి. అందులో పాట పేరుందా, ఎన్నేళ్లని ఉందా, ఎక్కడెక్కడ వాడుకోవచ్చని ఉందా, రీమిక్స్ ప్రస్తావన ఉందా చూడండి. కాలం రాయకపోయి ఉంటే రెండేళ్లు అయిపోయాయి, ఇంకో మూడేళ్లే ఆయనది. కాగితాన్ని లాయరుకు చూపించడానికి ఖర్చు పెట్టనక్కర్లేదు. జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు.

మీ పాటలో ఒక మెలిక ఉంది. పల్లవి అమ్మమ్మది, ఆమె కూడా ఎవరి దగ్గరో విన్నది. అది మీది కాదు, చానెల్‌ది అంతకంటే కాదు. ఆ పల్లవిని రేపు మీరు ఇంకోచోట పాడితే ఎవరూ ఆపలేరు. మూడు చరణాలు మాత్రం మీ సాహిత్యం. వాటి కింద "సేకరణ" అని రాయడం తప్పు. హక్కులు అమ్మినా రచయితగా పేరు పెట్టించుకునే హక్కు మనతోనే ఉంటుందని అదే చట్టం చెబుతోంది. ఆ రికార్డింగ్, ఆ వీడియో ఆయనవి. వాటికి పెట్టుబడి ఆయన పెట్టారు, అది మనం ఒప్పుకోవాలి.

కొట్లాడాలా అన్నారు. కోర్టుకు వెళ్తే ఏళ్లు పడుతుంది. కరీంనగర్‌లో స్టూడియోల వాళ్లంతా ఒకరికొకరు తెలిసినవాళ్లే, "ఆమె కేసులు పెడతది" అన్న మాట పడితే ట్రాకులు తగ్గుతాయి. అలా జరగదని నేను మీకు ధైర్యం చెప్పలేను. కానీ పేరు మార్పించడానికి కేసు అక్కర్లేదు. వీడియో కింద రెండు లైన్లు దిద్దితే చాలు, ఆయనకు పైసా ఖర్చు లేదు. అడగాల్సిన సమయం కూడా ఇదే. ఇప్పుడు ఆయనకు మీ పన్నెండు పాటలు కావాలి. "కొత్త పాటల సంగతి తర్వాత, ముందు పాతదాంట్లో సాహిత్యం, గానం దగ్గర నా పేరు పెట్టండన్నా" అని వాట్సాప్‌లో రాసి పంపండి. నోటితో అనకండి, రాతలో ఉండాలి. డబ్బు మాట ఆ తర్వాత.

పేరు పడితే దాని వెనక ఇంకో దారి తెరుచుకుంటుంది. పాటల రచయితలకు, సంగీత దర్శకులకు ఐపీఆర్ఎస్ అని ఒక సొసైటీ ఉంది. 1969లో పెట్టారు, ముంబైలో ఉంటుంది. రేడియోలు, టీవీలు, స్ట్రీమింగ్ సంస్థలు, ఈవెంట్ల దగ్గర లైసెన్సు డబ్బు వసూలు చేసి సభ్యులకు పంచుతుంది. సభ్యత్వానికి ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు చేయొచ్చు. పాన్ కార్డు, బ్యాంకు ఖాతా, విడుదలైన పాటల వివరాలు కావాలి. సినిమా వాళ్లకే అనుకోకండి. మీ తొమ్మిది పాటల్లో విడుదలైనవన్నీ అందులో నమోదు చేయించండి, అమ్మమ్మ పల్లవి ఉన్నచోట అది సంప్రదాయ గీతమని, చరణాలు మీవని నిజం రాయండి. గాయకులకు వేరే సొసైటీ ఉంది, ఇసామ్రా అంటారు. వీటి నుంచి మొదటి ఏడాదే వేలకు వేలు వస్తాయనుకోవద్దు. అసలు రాకపోవచ్చు కూడా. నమోదు చేయకపోతే మాత్రం ఎన్నటికీ రాదు.

ఇప్పుడు కొత్త బేరం. నేరుగా కాదనడం ఒక పద్ధతి. అప్పుడు మీ ట్రాకులు, స్టేజిలు యథాతథం, అప్పు నెమ్మదిగా తీరుతుంది, ఆయనతో కొంత ఎడం వస్తుంది. నేనైతే కాదనకుండా బేరం తిప్పి చూస్తాను. పన్నెండు కాదు, ఆరు పాటలు. ఆరింటికి అరవై వేలు, సగం అడ్వాన్స్. మీ పేరు తప్పనిసరి. హక్కులు మూడేళ్లకు, యూట్యూబ్ చానెల్ వరకు. డీజే వెర్షన్ చేస్తే వేరే డబ్బు. అదే పాటను వేరే చానెల్‌కు ఇవ్వనని మీరు రాసివ్వండి, అది న్యాయం. వేరే పాటలు వేరేవాళ్లకు పాడొద్దనడం మాత్రం కుదరదనండి. ఆయన ఇందులో సగానికి ఒప్పుకున్నా ఇప్పటికంటే మేలే. ఒక్కదానికీ ఒప్పుకోకపోతే పన్నెండు పాటలు ఎలాంటి చేతుల్లో పడబోయాయో మీకు తెలిసిపోతుంది.

కెమెరామన్‌తో కలిసి చానెల్ అన్నారు. యూట్యూబ్‌లో ప్రకటనల డబ్బు మొదలవ్వాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రయిబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి. లేదా ఆ గంటలకు బదులు 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూస్ రావాలి. ఆ తర్వాత కూడా తెలుగు పాటకు వచ్చే ప్రకటనల డబ్బు, వ్యూస్ అంకె చూసి ఊహించుకునేంత ఉండదు. డాన్సర్లు, డ్రోను, ఊరంతా షూటింగు అంటూ దిగితే అప్పు మీద అప్పు. ఇంకో ప్రశ్న, చానెల్ ఎవరి జీమెయిల్ మీద ఉంటుంది? రేపు మాటామాటా వస్తే పాస్‌వర్డు ఉన్నవాడిదే చానెల్. కలిసి చేయాలనుకుంటే ఖాతా మీది, వీడియో పనికి ఆయనకు కూలో వాటానో అని ముందే రాసుకోండి.

దానికంటే తేలిక దారి ఒకటుంది. మీరు రాసినవాటిలో ఇంకా ఎవరికీ ఇవ్వని పాటలుంటే, వాటిలో రెండింటిని డప్పు, హార్మోనియం లాంటి తక్కువ వాయిద్యాలతో మీరే రికార్డు చేయించుకోండి. పంపిణీ చేసే సంస్థలున్నాయి, డిస్ట్రోకిడ్, ట్యూన్‌కోర్ లాంటివి. ఏడాది రుసుము తీసుకుని స్పాటిఫై, జియోసావన్, యూట్యూబ్ మ్యూజిక్, ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ అన్నింట్లో పెడతాయి. వీడియో కావాలంటే ఒక బొమ్మ, కింద అక్షరాలు చాలు. స్పాటిఫైలో ఏడాదికి వెయ్యిసార్లు కూడా వినని పాటకు డబ్బు రాదు కాబట్టి ఇది మొదట్లో ఆదాయం కాదు, ఆస్తి. నాలుగైదేళ్లలో ముప్ఫై పాటలు మీ పేరు మీద ఉంటే అందులో ఒక్కటి బతుకమ్మ పాటగా కుదిరినా ఏటా ఆ తొమ్మిది రోజులూ మోగుతుంది. పండుగ పాటకు ఉన్న గుణమే అది, పాతబడదు. భాద్రపద అమావాస్యకు ఎంగిలిపూలు, అంటే బతుకమ్మ మొదటి రోజు, కాబట్టి పాట శ్రావణంలోనే బయటికి రావాలి, అంటే రికార్డింగు ఆషాఢంలో. పెళ్లిళ్లు ఉండవు కాబట్టి స్టూడియోలు కూడా ఆ నెలలో కాస్త ఖాళీగా ఉంటాయి, బోనాల పాటల హడావిడి తప్ప. మేడారం జాతర రెండేళ్లకోసారి, దాని పాటలకు ఆర్నెల్ల ముందే అడుగుతారు.

చిన్న చిన్న ఆదాయాలు మీరు లెక్కలోకే తీసుకోలేదు. చీరల షాపు ప్రారంభానికి, కోచింగ్ సెంటర్ ప్రచారానికి ఆటోలో తిరిగే మైకులో వచ్చే గొంతు ఎవరిదో ఒకరిది. తెలుగు టీచర్ ఉచ్చారణ ఉన్న గొంతుకు ఆ పని సులువుగా దొరుకుతుంది, రాత్రి ప్రయాణాలూ ఉండవు. ఆకాశవాణిలో జానపద గీతాలకు ఆడిషన్ ఉంటుంది. నెగ్గితే గ్రేడు ఇస్తారు, ప్రోగ్రాంకు పారితోషికం వస్తుంది. నిజామాబాద్‌లోనూ, వరంగల్‌లోనూ స్టేషన్లున్నాయి. ఆ గ్రేడు కాగితం చూపిస్తే మీ అత్తమ్మకు పాట గౌరవం వేరుగా కనిపిస్తుందని నా అనుమానం. ఎన్నికల పాటలు వస్తే పూర్తి డబ్బు ముందే తీసుకోండి. ఓడినవాడు ఫోన్ ఎత్తడు, గెలిచినవాడు దొరకడు. గల్ఫ్‌లో మనవాళ్లు బతుకమ్మకు పిలిస్తే, మీవారు అక్కడే ఉన్నారు కదా అని విజిట్ వీసా మీద వెళ్లి డబ్బు తీసుకుని పాడకండి. అక్కడి చట్టం ఒప్పుకోదు, ఇబ్బంది ఆయన ఉద్యోగం మీదికి రావచ్చు. నిర్వాహకులే అనుమతి తీసుకుంటే వెళ్లండి.

ఈ డబ్బంతా ఖాతాలోకే తీసుకోండి. కొందరు పదిశాతం టీడీఎస్ పట్టుకుని ఇస్తారు. మీ ఆదాయానికి పన్ను పడదు కాబట్టి రిటర్ను వేస్తే అది వెనక్కి వస్తుంది.

స్కూలు మానొద్దనే నా అభిప్రాయం, కనీసం అప్పు తీరేదాకా. గౌరవం కోసం అనడం లేదు. ట్రాకులు ఒక్కటీ రాని నెలలో కూడా 13,500 వస్తుంది కాబట్టే మీరు చెత్త బేరానికి కాదనగలరు. పైగా టీచర్ సెలవులు, పాటల సీజను కలిసొస్తాయి. బతుకమ్మ, దసరాకు సెలవులు, పెళ్లిళ్ల ఎండాకాలం సెలవులు. మానితే ఏమవుతుందంటే, మొదటి ఆర్నెల్లు స్వేచ్ఛగా ఉంటుంది, ఆ తర్వాత ఎవరేమిచ్చినా తీసుకోవాల్సి వస్తుంది. అలా అయినవాళ్లను చాలామందిని చూశాను. ఎప్పుడు మానొచ్చంటే, బాగా వచ్చిన నెల కాదు, ఏడాదిలో అన్నింటికంటే తక్కువ వచ్చిన నెలలో కూడా పాటల డబ్బు మీ జీతానికి సమానమైనప్పుడు.

అత్తమ్మ మాట పూర్తిగా కొట్టేయకండి. రాత్రి ఒంటి గంటకు ఎవరి బండి మీదో ఇంటికి రావడం ఆమెకే కాదు, నాకూ నచ్చదు. ప్రోగ్రాం ఒప్పుకునేటప్పుడే రానూపోనూ కారు, వెంట ఒకరికి చోటు, మీ పాటలు పదిలోపు అని చెప్పండి. రాత్రి పది దాటాక మైకు పెట్టకూడదని రూలు ఎలాగూ ఉంది, ఎవరూ పాటించకపోయినా మనం అడ్డం పెట్టుకోవచ్చు. కొన్ని ప్రోగ్రాంలు పోతాయి. ఐదువేల దగ్గర ఏడువేలు అడిగితే ఎనిమిదింటి డబ్బు ఆరింటికే వస్తుంది, మీకు రెండు రాత్రులు మిగులుతాయి. వెంట వచ్చే ఆ ఒకరు అత్తమ్మే అయితే ఇంకా మంచిది.

ఇంకొకటి, ఇది మీరు అడగలేదు. కేంద్ర సాంస్కృతిక శాఖ కళాకారులకు ఫెలోషిప్‌లు ఇస్తుంది. 25 నుంచి 40 ఏళ్ల వాళ్లకు నెలకు 10,000 చొప్పున రెండేళ్లు. జానపద కళలు కూడా అందులో ఉన్నాయి. పోటీ ఎక్కువ, రాకపోవచ్చు. కానీ "మా మండలంలో నాట్ల పాటలు" అని ఒక ప్రాజెక్టు రాయడానికి మీకంటే తగినవాళ్లు ఎవరున్నారు? తెలుగు టీచర్, గాయని, ఆ పాటల ఇంటి మనవరాలు. నాట్లేసే యంత్రాలు వచ్చేశాయి. ఆ పాటలు పాడినవాళ్లంతా అరవై దాటినవాళ్లే.

సేకరణకు వెళ్తే మాత్రం ఎవరు పాడారో వాళ్ల పేరు, ఊరు, తేదీ అక్కడే రాసుకోండి. దాని మీద డబ్బు వస్తే వాళ్లకూ ఇవ్వండి. చానెల్ యజమాని మీద మీరు రాసిన ఉత్తరాన్ని రేపు ఆ ఊరి ఆడవాళ్లు మీ మీద రాయకూడదు.

మొదట మీ అమ్మమ్మ దగ్గరికే వెళ్లండి. చరణాలు గుర్తులేవని ఆమె అన్నది ఎక్కడ? ఇంట్లో మంచం మీద కూర్చోబెట్టి అడిగి ఉంటారు. నాట్ల పాట ఒక్కరే పాడేది కాదు కదా, ఒకరు అందుకుంటే పదిమంది తిరిగి పలికేది. ఆమె ఈడు ఆడవాళ్లను నలుగురైదుగుర్ని ఒకచోట చేర్చి, ఫోన్‌లో రికార్డింగ్ నొక్కి, పల్లవి మీరే ఎత్తుకోండి.